దాల్ సరస్సులో చేపలు చావలేదు

నల్గొండ

తమ్ముడికి,

నీ కథ నిన్న కరెంటు పోయిన వేళ అరుగు మీద కూర్చుని చదివాను. దేవరకొండ జవాను శ్రీనగర్‌లో కాపలా కాస్తూ ఊరి బావిని తలచుకోవడం బాగుంది. కానీ ఆరో పేజీలో దాల్ సరస్సు అడుగు నుంచి గడ్డకట్టుకుంటూ వచ్చిందనీ, చేపలన్నీ మంచులో బిగుసుకుపోయాయనీ రాశావు. అక్కడ కాగితాలు పక్కన పడేశాను.

నీళ్లు అలా గడ్డకట్టవయ్యా. చల్లబడే కొద్దీ బరువెక్కి కిందికి దిగుతాయి, నిజమే. అదంతా దాదాపు 4 డిగ్రీల దాకానే. అక్కడ లీటరు నీళ్లు కిలో తూగుతాయి. ఇంకా చల్లబడితే అణువులు ఎడంగా జరిగి అల్లుకోవడం మొదలుపెడతాయి, నీళ్లు మళ్లీ తేలికవుతాయి. సున్నాకు చేరిన నీళ్లు పైనే ఉండిపోయి పైనే గడ్డకడతాయి. లీటరు కొలతకు ఆ మంచు 917 గ్రాములే, ఇక మునిగేదెక్కడ? నీ జవాను బూట్ల కింద చేపలు బతికే ఉన్నాయి. ఇంత కథ చేతిలో ఉండగా వాటిని చంపేశావు!

దాల్ చూడలేదంటావు. నేనూ చూడలేదు. బావి చూశావు కదా, దాన్ని కూడా 'చల్లని బావి' అని వదిలేశావు. నేను ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని ఈత నేర్చింది మోటబావిలో. మే నెలలో దిగితే ఛాతీ దగ్గర గోరువెచ్చన, పాదాలకు జివ్వుమనే చలి. 30 డిగ్రీల లీటరు, 4 డిగ్రీల లీటరు కంటే నాలుగు గ్రాముల చిల్లర మాత్రమే తేలిక. మన బావిలో అంత తేడా కూడా ఉండదు, అయినా నీళ్లు అరలు కడతాయి. పుష్యమాసం రాత్రుల్లో పై నీళ్లు చల్లబడి దిగిపోతాయి, బావంతా ఒక్కటవుతుంది.

ఆ పాదాల చలిని నా మొదటి కథలో రాస్తే, ఒక సంపాదకుడు 'సైన్సు పాఠం వద్దు' అని కొట్టేసి, నీళ్లు అమ్మ ఒడిలా ఉన్నాయని తన వాక్యం కలిపాడు. ముప్ఫై ఏళ్లయినా ఆ సంచిక తెరవబుద్ధి కాదు. ఇప్పుడు ఏ కథ చూసినా ఒడులే.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, తర్వాత చూద్దాం. మీ బావిలో నీళ్లున్నాయా? ఉంటే ఆదివారం వెళ్లి దిగు, ఆ పైన ఆరో పేజీ ముట్టుకో. మాది బోర్ల దెబ్బకు ఎండిపోయింది. అడుగున తుమ్మ మొలిచింది.

మీ అన్న