చిట్టీ, అది బ్యాడ్ లక్ కాదు

చిట్టీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్రిడ్జ్ హ్యాండ్, అదే నువ్వు ఆడిన ఆ ఒక్క పంపకం, చూశాను. కింద "మామయ్యా, యాభై శాతం ఛాన్సు, తప్పింది, బ్యాడ్ లక్ కదా?" అని రాశావు. కాదమ్మా. అది యాభై శాతం ఆట కాదు, నూటికి నూరు శాతం ఆట. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ నువ్వు మధ్యలో "సరే సరే అర్థమైంది" అనేస్తావు, అందుకే రాస్తున్నాను. పేక ఒకటి దగ్గర పెట్టుకుని, ముక్కలు పరుచుకుని చదువు.

డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన నీ పార్ట్‌నర్ చేతిలో, ఇస్పేటు రాజు, రాణి, 5. ఆఠీను ఆసు, 7, 4. డైమన్ రాజు, రాణి, 6. కళావరు ఆసు, జాకీ, 4, 2. నీ దగ్గర ఇస్పేటు ఆసు, 7, 2. ఆఠీను రాజు, రాణి, 6, 3. డైమన్ ఆసు, 8, 2. కళావరు రాజు, 10, 5. నువ్వు ఒక నోట్రంప్‌తో (తురుపు లేని ఆట) బిడ్డింగ్ ఓపెన్ చేశావు, అవతల 19 పాయింట్లున్న (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1) నీ పార్ట్‌నర్ ఇంకేం ఆలోచించకుండా ఆరు నోట్రంప్ అన్నాడు, అంటే పదమూడు ట్రిక్కుల్లో పన్నెండు గెలుస్తామని, ఆ బిడ్ మంచిదే. మీకు ఎదురాడే ఇద్దరు వెస్ట్, ఈస్ట్; వెస్ట్ ఇస్పేటు జాకీ లీడ్ చేశాడు, అంటే మొదటి ముక్కగా వేశాడు. మూడు ఇస్పేట్లు, మూడు ఆఠీన్లు, మూడు డైమన్లు కలిపి తొమ్మిది ట్రిక్కులు, కళావరు ఆసు రాజుతో పదకొండు. బయటి ఆఠీన్లు చెరి మూడుగా విడకపోతే, పన్నెండోది కావాలంటే కళావరు రాణి ఎవరి దగ్గరుందో కనిపెట్టాలి. రెండు వైపులా ఫినెస్ చేసే వీలుంది, అంటే రాణి కంటే చిన్న ముక్కతోనే గెలిచి రాణిని తప్పించే వీలు, అదే కదా నీ టెన్షన్.

నువ్వు కళావరు ముట్టుకోకుండా ముందు ఆ తొమ్మిదీ ఆడేశావు. అంతవరకు శభాష్. చాలామంది నాలుగో ట్రిక్కుకే ఆ రాణి వెంట పడతారు, అదేదో పారిపోతున్నట్టు. నువ్వు ఆగావు. కానీ ఆగి ఏం చేశావంటే, పైనున్న ముక్కలు వరసగా లాగుతూ పోయావు తప్ప వాళ్లు ఏం వేస్తున్నారో చూడలేదు. చివరికి "ఈస్ట్ రెండు కళావర్లు పారేశాడు, రాణి ఉన్నవాడైతే దాని పక్క ముక్కలు పారేసుకోడు కదా, కాబట్టి రాణి వెస్ట్ దగ్గరే" అని తేల్చుకుని, రాజు ఆడి, తర్వాత 5 డమ్మీ వైపు వేశావు. వెస్ట్ దగ్గర కళావరే లేదు, ఇస్పేటు పడేశాడు. అప్పటికి నీ రాజు వాడేశావు, ఇక ఈస్ట్ రాణిని పట్టే దారి లేదు. పదకొండు ట్రిక్కులు, ఒకటి డౌన్.

ఇప్పుడు లెక్క చూడు. మొత్తం ఇస్పేట్లు 13, నీకూ డమ్మీకీ కలిపి 6, బయట 7. మూడో ఇస్పేటుకి ఈస్ట్ కళావరు 3 పారేశాడు. అంటే ఈస్ట్‌కి ఇస్పేట్లు రెండు, వెస్ట్‌కి ఐదు. ఆఠీన్లు బయట 6. మూడో ఆఠీనుకి వెస్ట్ ఇస్పేటు పడేశాడు, అంటే వెస్ట్‌కి రెండు. డైమన్లు బయట 7. మూడో డైమన్‌కి ఈస్ట్ మళ్లీ కళావరు, ఈసారి 6. అంటే ఈస్ట్‌కి రెండు డైమన్లు, వెస్ట్‌కి ఐదు. వెస్ట్ చేతిలో ఐదు, రెండు, ఐదు కలిపితే పన్నెండు. పదమూడో ముక్క ఒక్కటే మిగిలింది, అదే వాడి కళావరు. మిగతా ఐదు కళావర్లూ ఈస్ట్‌వి.

ఇక ఊహించడానికేముంది? డమ్మీ కళావరు ఆసు ఆడతావు. వెస్ట్ తన ఒక్క ముక్కా వేస్తాడు, అదే రాణి అయితే ఇంకా హాయి. ఇక్కడ 7 పడుతుంది. తర్వాత డమ్మీ నుంచి 2, ఈస్ట్ చిన్నది వేస్తే నీ 10, రాణి వేస్తే నీ రాజు. అయిపోయింది. ఈస్ట్ ఎందుకు కళావర్లు పారేశాడంటే వాడికి ఐదున్నాయి గనుక! రెండు పారేసినా రాణి పక్కన ఇంకా రెండు మిగిలాయి. ఆఠీను పారేద్దామంటే నీ చేతిలో నాలుగో ఆఠీను ఉందేమోనని వాడికి భయం, పారేస్తే నీ 6 ట్రిక్కు అవుతుంది. పాపం వాడు చేయగలిగింది అదొక్కటే. వాడి అవసరాన్ని నువ్వు తెలివి అనుకున్నావు.

"ఇన్ని ముక్కలు ఎలా గుర్తు పెట్టుకోవాలి మామయ్యా" అని నువ్వు అడగబోతావని నాకు తెలుసు, నేనూ అదే అడిగాను. 52 ముక్కలు ఎవరూ గుర్తు పెట్టుకోరు, నేనైతే నిన్న ఏం తిన్నానో మీ అత్తయ్యని అడగాలి. ఆటలో చేసేది ఒక్కటే, మూసి ఉన్న రెండు చేతుల్లో ఒక్కదాన్నే లెక్కపెట్టడం. ఒకటి తెలిస్తే రెండోది మిగిలిందే కదా. అదీ ఆడిన ముక్కల్ని కాదు, బయట ఎన్ని ఉన్నాయో అది మాత్రమే. డమ్మీ తెరిచిన క్షణంలో ఒక్కో సూట్‌లో బయట ఎన్నో లెక్కేసుకో, ఈ హ్యాండ్‌లో 7, 6, 7, 6. తర్వాత ఎవరైనా ఒక సూట్‌లో వేయలేక వేరేది పారేసిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి ఆ సూట్ లెక్క మూసెయ్. పారేసినప్పుడే లెక్క తేలుతుంది, మిగతా సమయమంతా ప్రశాంతంగా ఉండొచ్చు. మొదటి ట్రిక్కుకి డమ్మీ నుంచి టక్కున ముక్క వేసే అలవాటు మాత్రం మానెయ్, వేసేది ఎలాగూ అదే అయినా సరే, ఆ పది సెకన్లలోనే ఇదంతా కుదురుతుంది.

ఒక చేతి షేప్‌ని, అంటే ఒక్కో సూట్‌లో ఎన్ని ముక్కలున్నాయో, నాలుగు అంకెల నంబరులా పట్టుకోవడం నేర్చుకో. 4-4-3-2, 5-3-3-2, 5-4-3-1, 5-4-2-2, 4-3-3-3. పంచిన చేతుల్లో నూటికి 71 ఈ ఐదు షేపుల్లోవే. మనవాళ్లు బండి నంబరు ప్లేటు చూసి అంకెలు కలిపితే 9 వస్తుందా లేదా అని చూస్తారు, దానికోసం ఆర్టీఓ ఆఫీసులో డబ్బు కూడా కడతారు. నేను 13 వస్తుందా అని చూస్తాను. సిగ్నల్ దగ్గర ముందు స్కూటర్ 5431 అయితే నాకు ఆ రోజంతా సంతోషమే. నవ్వకు, ఏడాది ఇలా చేస్తే 5, 4, 3 వినగానే నోట్లోంచి 1 దానంతట అదే వస్తుంది, కూడికలు వేయక్కర్లేదు.

కంట్రోల్ ఆఫీసు ఉద్యోగం నాకు ఇందులో ఎంత పనికొచ్చిందో చెప్పలేను. రైలు మా కంటికి కనపడదు, స్టేషన్ మాస్టర్లు ఫోన్లో చెప్పే టైములు బట్టి చార్టు మీద గీత గీస్తూ పోతే బండి ఇప్పుడు ఎక్కడుండాలో తెలిసిపోతుంది. ఇదీ అంతే. మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉండేవారు, ప్రతి హ్యాండ్ అయిపోగానే ముక్కలు మూసేసి "వెస్ట్ షేప్ ఏమిటయ్యా?" అని అడిగేవారు. గెలిచావా ఓడావా అని అడగరు. చెప్పలేకపోతే ఆ రోజు టీ నా ఖర్చు. మొదటి మూడు నెలలు క్లబ్బులో అందరి టీ నేనే కొన్నాను.

సరే, ఆట మొదలుకాకముందే దొరికే ఆనవాళ్లు కొన్ని ఉంటాయి, వాటిని నువ్వు బొత్తిగా వదిలేస్తున్నావు. వెస్ట్ "మూడు ఆఠీన్లు" అనే బిడ్‌తో ఓపెన్ చేశాడనుకో, వాడికి ఏడు ఆఠీన్లు అనుకోవచ్చు. నీకూ డమ్మీకీ కలిపి నాలుగుంటే ఈస్ట్‌కి రెండు. ఇప్పుడు వెస్ట్ చేతిలో ఆఠీన్లు కాక ఆరు ఖాళీలే, ఈస్ట్‌కి పదకొండు. ఇస్పేటు రాణి కనపడలేదంటే అది ఈస్ట్ దగ్గరుండే అవకాశం పదకొండుకి ఆరు చొప్పున. నీకూ డమ్మీకీ కలిపి ఆ సూట్‌లో తొమ్మిది ముక్కలుంటే ఫినెస్ వద్దు, ఆసు రాజు ఆడి రాణి పడుతుందేమో చూడు అని నీకు నేర్పారు కదా, అది ఏమీ తెలియనప్పటి మాట, అప్పుడు కూడా రెంటికీ తేడా చాలా తక్కువ. ఇలాంటి బిడ్ ఒక్కటి వింటే చాలు, ఆ నియమం తిరగబడుతుంది, ఈస్ట్ మీద ఫినెస్ చేయాలి.

బిడ్ చేయకపోవడం కూడా సమాచారమే. వెస్ట్ మొదట పాస్ చెప్పాడు, ఆటలో ఇప్పటికే ఒక ఆసు, ఒక రాజు, ఒక రాణి చూపించాడు, అంటే తొమ్మిది పాయింట్లు. ఇంకో రాజు కూడా వాడిదైతే పన్నెండు, చాలామంది దాంతో ఓపెన్ చేస్తారు. కాబట్టి ఆ రాజు ఈస్ట్ దగ్గర వెతుకు.

నోట్రంప్‌లో లీడ్ కూడా గమనించు. పొడుగు సూట్‌లో నాలుగో పెద్ద ముక్క లీడ్ చేసేవాళ్లు 2 వేశారంటే దానికంటే చిన్నది లేదు, అంటే ఆ సూట్‌లో వాళ్లకి సరిగ్గా నాలుగే. ఐదు ముక్కల సూట్ ఉంటే అదే లీడ్ చేసేవాళ్లు కదా, కాబట్టి బహుశా ఎక్కడా ఐదు లేవు. ఒక్క ముక్కతో చేతి షేప్ సగం బయటపడిపోయింది.

శాతాలు బట్టీ పట్టాల్సినవి కొన్నే. బయట ఐదుంటే 3-2గా, అంటే ఒకరికి మూడు, ఇంకొకరికి రెండుగా, విడేది 68 శాతం. ఆరుంటే 3-3 36 శాతమే, 4-2 48. నాలుగుంటే 3-1 సగం సార్లు, 2-2 నలభై. ఇవి ఏమీ తెలియనప్పుడు ఆడే అంకెలు, పారేసిన ముక్క ఒక్కటి కనపడగానే మారిపోతాయి. ఆట మధ్యలో కూడా "3-3 విడిపోవాలి" అని దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, ఎందుకంటే అప్పటికే ఒకడు చెప్పేసి ఉంటాడు విడిపోదని.

డిఫెన్స్‌లో, అంటే అవతలివాళ్ల బిడ్‌ని నువ్వు ఆపేటప్పుడు, ఇది ఇంకా అవసరం, ఇంకా కష్టం కూడా. డిక్లరర్, అంటే ఆ బిడ్ ఆడేవాడు, బిడ్డింగ్‌లో "ఒక ఇస్పేటు" అని, తర్వాత "రెండు ఆఠీన్లు" అన్నాడు. అంటే ఇస్పేట్లు ఐదు, ఆఠీన్లు నాలుగు. కళావరు మూడు రౌండ్లూ వేశాడు. ఐదు, నాలుగు, మూడు కలిపితే పన్నెండు, అంటే డైమన్ మహా అయితే ఒక్కటి. డమ్మీలో డైమన్ రాజు, రాణి, జాకీ కళకళలాడుతున్నాయి, ఆసు నీ దగ్గరుంది. వాడు డైమన్ వేస్తే నువ్వు దాచుకోవాలనుకుంటావు, డమ్మీకి దారి మూసేద్దామని. ఇక్కడ దాచితే ఆ ఆసు నీతోనే ఇంటికొస్తుంది. వేసెయ్. నీ పార్ట్‌నర్ కౌంట్ సిగ్నల్ ఇస్తున్నాడేమో కూడా చూడు, పెద్దది ముందు వేసి తర్వాత చిన్నది వేస్తే ఆ సూట్‌లో వాడి ముక్కలు సరి సంఖ్య, చిన్నది ముందు వేస్తే బేసి. నువ్వు కూడా అబద్ధం చెప్పకుండా ఇవ్వు, పార్ట్‌నర్ లెక్క నీ మీద ఆధారపడి ఉంటుంది.

ఒకటి మాత్రం చెప్పకపోతే తప్పవుతుంది. అవతలివాడు ఆలోచిస్తూ ఆగాడు, దాన్నిబట్టి నువ్వు ఊహించుకుంటే అది నీ ఇష్టం, తప్పయితే నష్టం నీదే. నీ పార్ట్‌నర్ ఆగినా, నిట్టూర్చినా, ముక్క గట్టిగా కొట్టినా దాన్ని వాడుకోకూడదు. మా కాలంలో ఒకతను దగ్గి సింగిల్టన్ (ఒక సూట్‌లో ఒక్కటే ముక్క) ఉందని చెప్పేవాడు, అందరికీ తెలుసు, ఎవరూ అతనితో కూర్చునేవారు కాదు చివరికి.

వయసు గురించి మీ అమ్మ ఏదో అంది, "అన్నయ్యా, దానికి ముప్పై దాటాయి, ఇప్పుడు నేర్చుకుంటే వస్తుందా" అని. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ మొదటిసారి పెడితే పురుషుల పెయిర్స్‌లో బంగారు పతకం మనవాళ్లే తెచ్చారు. ప్రణబ్ బర్ధన్‌కి అప్పుడు 60, శివనాథ్ సర్కార్‌కి 56. ఈ సంగతి మీ అమ్మకి చెప్పు, నేను చెబితే వినదు.

ఈ ఆదివారం పుణెలో ఆడేటప్పుడు ప్రతి హ్యాండ్‌లో వెస్ట్ షేప్ ఒక్కటే పట్టుకో, గెలుపోటములు పక్కన పెట్టు. అయిపోగానే నీ స్కోరు కాగితం మూల నాలుగంకెలు రాసుకో, తర్వాత హ్యాండ్ రికార్డు ఇస్తారుగా, దానితో సరిచూసుకో. మొదట్లో పదింట్లో మూడు కలిస్తే చాలు. కాగితం ఫొటో తీసి నాకు పంపు, తప్పినవి దిద్దకుండా. టీ ఖర్చులు మనం కలిసినప్పుడు చూసుకుందాం.

మీ మామయ్య