క్యాంపు పెడుతున్నావంట, ముందు ఇది చదువు

పాపా,

జేజి సంవత్సరీకం అయిన మరుసటి వారమే ఊళ్ళో క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెడుతున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇక నిద్ర పడితే ఒట్టు. నర్సింగు అయిన రెండేళ్ళకే ఇంత పని తలకెత్తుకున్నావని గర్వంగా ఉంది, గుండెల్లో దడగానూ ఉంది.

బుధ, శనివారాలు పెట్టొద్దు, ఏఎన్‌ఎంలు టీకాల పనిలో ఉంటారు. చెనిక్కాయలు పెరికే రోజులు అసలే వద్దు. ముప్పై దాటినవాళ్ళకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, మూడూ చూడాలి. ఆ మూడోదానికి బడిలో గడియ పడే గది అడుగు. చీర అడ్డం కడితే చాలదు. ఆసిటిక్ యాసిడ్ పూసి, తెల్లబడిందా లేదా అని ఓ నిమిషం ఆగి చూడటమే, కానీ బయట మగవాళ్ళ మాటలు వినపడుతుంటే ఆ నిమిషం కూడా ఏ ఆడమనిషీ పడుకోదు. షామియానా, భోజనాలు మీ మామ చూసుకుంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది కదా, దానికి రెండు మూడేళ్ళ ముందు, పలమనేరు పక్క ఒక పల్లెలో క్యాంపు పెట్టాము. ఒకామె వచ్చింది, యాభై ఏళ్ళుంటాయి, పొద్దస్తమానం ఆకూ వక్కా పొగాకూ నమిలే మనిషి. డాక్టరు టార్చి వేసి చూస్తే ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ, మధ్యలో చిన్న పుండు. ముక్క తీసి పరీక్షకు పంపాలి, తిరుపతి పోవాలి అని చీటీ రాసిచ్చారు. ఆమె చేతులు వణుకుతుంటే చూడలేక నేను భుజం మీద చెయ్యేసి, ‘ఏం లేదులే అక్కా, భయపడొద్దు, ఒకసారి పోయి చూపించుకో’ అన్నాను. అంతే పాపా. ఆమె విన్నది ‘ఏం లేదు’ అన్న ముక్క ఒక్కటే. ఊరంతా చూసి మెచ్చుకున్న క్యాంపది, నూట ఎనభై మంది వచ్చారని నేనే రిజిస్టరులో రాసుకుని మురిసిపోయాను.

ఎనిమిది నెలల తర్వాత వాళ్ళ పక్కింటికి బాలింతను చూడటానికి పోతే ఈమె గడప మీద కూర్చుని ఉంది. దవడ వాచి, రెండు వేళ్ళు కూడా పట్టనంతగా నోరు బిగిసిపోయింది. నన్ను గుర్తుపట్టి లోపలికి పోయి, వక్కాకు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. మడత నలగకుండా ఆ చీటీ అందులోనే ఉంది! ‘ఏం లేదన్నావు కదమ్మా, అందుకే పోలేదు’ అంది, నిష్ఠూరంగా కూడా కాదు. నేనే బస్సెక్కించి తీసుకుపోయాను. అప్పటికే చాలా ఆలస్యమైంది.

అందుకే చెప్తున్నా, ధైర్యం చెప్పాలనే తొందరలో అబద్ధం చెప్పకు. నీది మరీ జాలిగుండె, నాలాగే, అదే నా భయం. ‘అనుమానం ఉంది, ఇప్పుడే చూపిస్తే నయం చేయొచ్చు, నేను నీతో వస్తా’ అను. ఆమెకు చదువు రాకపోతే కొడుకునో కోడలినో పిలిచి వాళ్ళ ముందర చెప్పు. ఫోన్ నంబరు తీసుకో, పక్కింటివాళ్ళదీ తీసుకో.

మా రోజుల్లో ఎంతమందిని వేలూరు బస్సెక్కించామో! ఇప్పుడు తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టు వాళ్ళు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి కూడా 2022 నుంచి అలిపిరి దగ్గర నడుస్తోంది. క్యాంపుకు ముందే పోయి మాట్లాడు. ఏ రోజు ఓపీ, ఎవరిని కలవాలి, ఎన్టీఆర్ వైద్య సేవ (ఆరోగ్యశ్రీకే ఇప్పటి పేరు) కింద ఏ కాగితాలు కావాలి, అన్నీ రాసుకో. రేడియేషన్ పడితే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు తిరగాలి. అన్నాళ్ళు ఇంట్లో ఆవు పాలెవరు పితుకుతారు అనేది నీకు చిన్న విషయంగా కనిపిస్తుందేమో, సగం మంది ఆగిపోయేది అక్కడే.

వేళకు తిను, నీ గొంతు ఫోన్‌లో నీరసంగా ఉందని మీ అమ్మ బాధపడుతోంది.

క్యాంపు నాటికి నేను చిత్తూరు నుంచి పొద్దున మొదటి బస్సుకే వస్తా. చీటీలు ఇచ్చే బల్ల పక్కన నాకొక కుర్చీ వెయ్యి. చీటీ పట్టుకున్న ప్రతి మనిషి దగ్గరా, ఏ రోజు పోతారో, తోడు ఎవరొస్తారో రాసుకున్నాకే లేస్తా.

మీ పెద్దమ్మ