జెర్సీ పెరట్లో తొలి ఏడాది తోట

"డిసెంబరులో ఇక్కడ అమెరికాలో, సెంట్రల్ న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్నాం అక్కా. వెనక పెరడు పెద్దదే. మే నెలలో అత్తగారు వస్తున్నారు. ఆవిడ వచ్చేసరికి గోంగూర, బెండ, వంగ, సొర, చిక్కుడు అన్నీ కాపుకొచ్చి ఉండాలని నా ఆశ. విత్తనాలు ఇప్పుడే వేసేయమంటారా? కొన్ని ఆవిడ చేత తెప్పించమంటారా?"

ముందు విత్తనాల మాట తేల్చేద్దాం. మీ అత్తగారు ఈపాటికే పొట్లాలు కట్టడం మొదలుపెట్టి ఉంటారు, ఇవాళే ఫోన్ చేసి ఆపండి. నాటే విత్తనాలు ఇండియా నుంచి తేవాలంటే వాటికి తెగుళ్ళు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ గాని, ఇక్కడి వ్యవసాయ శాఖ దగ్గర ముందుగా తీసుకున్న పర్మిట్ గాని ఉండాలి. చీర మడతల్లో దాచి తెస్తే, దొరికిన రోజున జరిమానా, పెద్దావిడకి ఎయిర్‌పోర్టులో టెన్షన్. కరివేపాకు రెబ్బ కూడా వద్దు. నిమ్మ, నారింజ చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే దాని మీద అంత పట్టుదల. వసంతం వచ్చేసరికి మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్ ఊరి వైపు మన కొట్లలో విత్తనాల ప్యాకెట్లు వస్తాయి, గుళ్ళో అడిగితే నారు ఇచ్చేవాళ్ళూ ఉంటారు. ధనియాలు, మెంతులు వంటింటి డబ్బాలోంచే తీసి వేసి చూడండి, చాలాసార్లు మొలుస్తాయి. ధనియాలను మాత్రం అరచేత్తో నలిపి బద్దలు చేసి వేయాలి.

ఇక పెరడు. డిసెంబరులో కొన్నారంటే మీ పెరటి ఎండ మీరింకా చూడలేదన్నమాట. చెట్లకు ఆకులు లేనప్పుడు అంతా ఎండగానే కనిపిస్తుంది. మార్చిలో నేను ముచ్చటపడి ఎంచుకున్న మూల జూన్‌కల్లా పక్కింటి మేపుల్ చెట్టు నీడలోకి వెళ్ళిపోయింది. టమాటా మొక్కలు నా ఎత్తు పెరిగాయి గాని, కాయలు పదికి మించలేదు. రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటు చూసుకోండి, ఎనిమిదైతే మరీ మంచిది. దగ్గర్లో బ్లాక్ వాల్‌నట్ చెట్టు ఉందేమో కూడా చూడండి. దాని వేళ్ళు వదిలే జుగ్లోన్ అనే పదార్థానికి టమాటా, వంగ, మిరప తట్టుకోలేవు. పైకి ఏ తెగులూ కనపడదు, నీళ్ళు పోస్తున్నా వాడి చచ్చిపోతాయి.

మొదటి ఏడాదే పచ్చిక మొత్తం తవ్వకండి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అడుగు ఎత్తున చెక్కలతో రెండు మడులు కట్టుకుంటే చాలు. ఒక్కో మడికి 32 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. రెండు ఘనపుటడుగుల సంచులైతే పదహారు. రెండు మడులకి ముప్ఫై రెండు సంచులు కారులో మోసే బదులు, ల్యాండ్‌స్కేపింగ్ మట్టి అమ్మేవాళ్ళ దగ్గర యార్డుల లెక్కన తెప్పించుకోండి. యార్డంటే 27 ఘనపుటడుగులు, రెండున్నర యార్డులు సరిపోతాయి. చాలా టౌన్‌షిప్పులు, అంటే ఇక్కడి మున్సిపాలిటీలు, రాలిన ఆకులతో చేసిన కంపోస్టు ఊరివాళ్ళకి ఊరికే ఇస్తాయి, మీ టౌన్‌షిప్‌కి ఫోన్ చేసి అడగండి. పందిరి గుంజల కోసం లోతుగా గొయ్యి తీసేముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు, డబ్బులు తీసుకోరు. మీది 1978 కంటే ముందు కట్టిన ఇల్లయితే గోడల వెంబడి మట్టిలో పాత రంగు తాలూకు సీసం ఉండొచ్చు. ఆ నేలలో ఆకుకూరలు వేసేముందు రట్‌గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌కి మట్టి పంపించండి.

ఇప్పుడే వేసేయమంటారా అన్నారు. వద్దమ్మా. మనూళ్ళో మొదటి వాన పడగానే వేసేస్తాం. ఇక్కడ చూసుకోవాల్సింది నేల వెచ్చదనం. ఏప్రిల్‌లో రెండు రోజులు ఎండ కాయగానే ఇక్కడందరికీ చేతులు దురద పెడతాయి. కొట్ల ముందు టమాటా నారు పేర్చి ఉంటుంది. నేనూ మొదటి ఏడాది ఏప్రిల్ మూడో వారంలో ఇరవై మొక్కలు తెచ్చి నాటాను. నాలుగో రాత్రి మంచు కురిసింది. తెల్లారి చూస్తే ఉడకేసిన తోటకూరలా వాలిపోయి ఉన్నాయి అన్నీ. ఇక్కడి పాతకాపులు మదర్స్ డే, అంటే మే రెండో ఆదివారం, దాటేదాకా టమాటా బయట నాటరు. మన బెండ, వంగ, గోంగూరలకు అదీ తొందరే. రాత్రి చలి యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ (పది సెల్సియస్) కిందికి దిగకుండా ఉండేదాకా, అంటే మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే దాకా ఆగండి.

ఈలోపు చేసే పని ఇంట్లో ఉంది. వంగ, మిరప నారు మార్చి రెండో వారంలో చిన్న చిన్న కప్పుల్లో పోసుకోండి. సొర, బీర అంత ముందుగా వద్దు, ఏప్రిల్ చివర చాలు. వాటి గింజలకు పెంకు గట్టి. రాత్రంతా నానబెట్టి, తడి పేపర్ టవల్లో చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్ పైన వెచ్చగా ఉండే చోట ఉంచితే వారంలో తెల్లగా మొలక కనిపిస్తుంది. నారును ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు. మొదటి రోజు ఒక గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారం పదిరోజులు బయటి గాలికి అలవాటు చేయాలి. ఆ వారమంతా ఆఫీసు నుంచి వచ్చేసరికి గాలికి కప్పులు పడిపోయాయేమోనని ఒకటే బెంగ, ముందే చెప్తున్నాను.

మీ అత్తగారు దిగేసరికి ఉండాల్సినవి వేరే. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి చలికి భయపడవు, ఏప్రిల్ మొదట్లోనే చల్లేయొచ్చు. మే చివరికి కొత్తిమీర కోసుకోవచ్చు. జూన్ ఎండలకు అది పూతకొచ్చేస్తుంది, మీ తప్పేం కాదు, ఆగస్టు చివర్లో మళ్ళీ చల్లుకోండి. పుదీనాను మటుకు కుండీ దాటనివ్వకండి. నేలలో వేస్తే ఆ ఇల్లు మీరు అమ్మినా అది ఖాళీ చేయదు.

సొర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఫోన్లు ఎక్కువగా దీని గురించే వస్తాయి. "పందిరి నిండా పువ్వులు, పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి" అంటారు. సొర పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. ఆ వేళకి తేనెటీగలు గూళ్ళకు చేరుకుంటాయి. రాత్రిపూట తిరిగే, సీతాకోకచిలుకల్లాంటి చిమ్మటలు మన పెరట్లో తగినన్ని లేకపోతే పిందెకు పుప్పొడి అందదు. మాకూ ఒక ఏడాది ఆగస్టు దాకా ఒక్క కాయ నిలవలేదు. కంచె అవతల సిసిలీ నుంచి చిన్నప్పుడే వచ్చేసిన పెద్దాయన ఉండేవారు. ఆయన మా పందిరి చూసి "కుకూజా!" అంటూ సంబరపడిపోయారు. వాళ్ళూ పొడుగు సొరకాయ పండిస్తారట, లేత చిగుళ్ళు కూడా వండుకుంటారట. ఆ రోజుదాకా సొరకాయ మనొక్కరిదే అనుకునేదాన్ని. సాయంత్రం ఏడున్నరకి నన్ను పిలిచి, ఒక మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో దాన్ని సుతారంగా రాసి చూపించారు. మూడు రోజుల్లో ఆ పిందె తల కిందికి వంచింది. అంటే నిలిచినట్టు. బీరపువ్వు కూడా సాయంత్రమే విచ్చుకుంటుంది, అదే పద్ధతి. ఆ వేసవి ఆయనకి నేను సొరకాయలిచ్చాను, ఆయన నాకు తులసిలాంటి వాళ్ళ బేసిల్ ఇచ్చారు. సొరకాయ పప్పు మాత్రం ఆయనకి ఎక్కలేదు.

చిక్కుడు మీద ఆశ కొంచెం తగ్గించుకోండి. మన నాటు చిక్కుడు పగలు కురచబడితే గాని పూతకు రాదు. జూన్, జూలైలలో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురే కదా, అది తీగ మీద తీగ వేసుకుంటూ పోతుంది. సెప్టెంబరులో పూస్తుంది, పిందె పడేలోపు మంచు. ప్యాకెట్ మీద పొట్టి రకమనో, త్వరగా కాసే రకమనో రాసి ఉంటే అదే కొనండి. ఇదే గుణం గోంగూరలో మనకు కలిసొస్తుంది. వేసవంతా పూతకు పోకుండా ఆకు వేస్తూనే ఉంటుంది, కొసలు తుంచిన కొద్దీ గుబురవుతుంది. కాకపోతే విత్తనం ముదరదు. నాకు గోంగూర గింజలు ఏటా హ్యూస్టన్‌లో ఉన్న స్నేహితురాలు పంపాల్సిందే, అక్కడ చలి ఆలస్యం గనక కాయలు ఎండేదాకా ఉంటాయి.

ఇక దొంగలు. జింక వాకిట్లో కనిపించిన మొదటి రోజు పిల్లలూ మీరూ ఫోటోలు తీసుకుంటారు. రెండో వారంలో బెండ మొక్కలకు కాడలే మిగులుతాయి. ఆరడుగుల కంచెను జింక సులువుగా దూకేస్తుంది, ఎనిమిదడుగులుండాలి. అంత ఎత్తుకి చాలా టౌన్‌షిప్పులు ఒప్పుకోవు, హెచ్‌ఓఏ, అంటే కాలనీకి నియమాలు పెట్టే ఇళ్ళ యజమానుల సంఘం, ఉంటే ఇంకో పేచీ. అందుకే నేను మడుల చుట్టూ మాత్రం వలతో చిన్న గదిలా కట్టాను. చోటు ఇరుకుగా ఉంటే జింక దూకడానికి జంకుతుంది. గ్రౌండ్‌హాగ్ అని పెద్ద ఉడుతలాంటి జంతువు కింది నుంచి తవ్వుకొస్తుంది, కాబట్టి ఇనుప వల అంచును అడుగు మేర బయటివైపుకి వంచి మట్టి కప్పండి. జింకలు తిరిగే చోట పిడుదులుంటాయి, వాటి నుంచి లైమ్ జబ్బు వస్తుంది. తోటలోంచి రాగానే మోకాళ్ళ వెనక, చెవుల వెనక చూసుకోవడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి, ముఖ్యంగా చీరలో గడ్డిలో తిరిగే పెద్దవాళ్ళకి.

ఖర్చు కలిసొస్తుందా అని మా ఆయన మొదటి ఏడాది ఎక్సెల్‌లో లెక్క వేశారు. ఒక్కో వంకాయ నాలుగు డాలర్లు పడింది. ఆ షీటు మళ్ళీ తెరవలేదు. ఇక్కడికొచ్చిన మా అమ్మ మాత్రం మొదటి నెలంతా కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద మనిషే కనపడడేంటే అనేది. పాదులు లేచాక పొద్దున ఆరింటికే చెప్పులు వేసుకుని బయట ఉండేది. ఏ ఆకు కింద పురుగుందో, ఏ పిందె ఎంత పెరిగిందో నాకు కాఫీతో పాటు వార్తలొచ్చేవి. అందుకని, మీ అత్తగారు వచ్చేసరికి తోట తయారై ఉండాలని కంగారు పడకండి. బెండ, గోంగూర విత్తనాలు ఆవిడ చేతే వేయించండి, తేదీ కూడా ఎలాగూ మే చివరే.

అక్టోబరులో ఫోన్లో మంచు పడుతుందని ఫ్రాస్ట్ అలర్ట్ వచ్చిన సాయంత్రం ఏమీ మిగల్చకండి. పచ్చి టమాటాలు పచ్చడికి, గోంగూర మొత్తం దూసి నూనెలో మగ్గబెట్టి సీసాలోకి. కరివేపాకు కుండీ అంతకు ముందే, రాత్రులు యాభై డిగ్రీలకు దిగగానే లోపలికి వచ్చేయాలి. చలికాలంలో ఆకు రాలుస్తుంది, చచ్చిపోయిందని పారేయకండి, నీళ్ళు తగ్గించండి. ఖాళీ అయిన మడిలో వెల్లుల్లి రెబ్బలు మొన పైకి పెట్టి రెండంగుళాల లోతున గుచ్చి, మీద ఎండుటాకులు కప్పండి. మీ అత్తగారు ఆరు నెలలుంటే ఆ పని ఆవిడ వెళ్ళేముందే అయిపోతుంది. మరుసటి జూలైలో వెల్లుల్లి తవ్వేటప్పుడు వీడియో కాల్ చేసి చూపిద్దురుగాని.