నాన్నగారి రైఫిల్‌కు ఇంట్లోనే తూటాలు నింపుకోవచ్చా?

ప్రశ్న: మాది మాచర్ల దగ్గర పల్లె. నేను గుంటూరులో ఉంటున్నాను. నాన్నగారికి లైసెన్సు ఉన్న 315 బోరు రైఫిల్ ఉండేది. ఆయన పోయి 14 నెలలైంది. పోయిన సంక్రాంతికి రైఫిల్, 11 తూటాలు, కొన్ని ఖాళీ తూటాలు, తూటాలు నింపే ప్రెస్సు, లేబుల్ లేని తుపాకి మందు డబ్బా కారులో గుంటూరు తెచ్చి బీరువాలో పెట్టాను. పొలంలో మొక్కజొన్నను అడవిపందులు నాశనం చేస్తున్నాయి. విజయవాడలో డీలర్ తూటాలు ఇవ్వనన్నాడు. ఇంట్లోనే నింపుకుందామని, క్వారీ నుంచో బాణసంచా తయారుచేసేవాళ్ల దగ్గర నుంచో మందు తెస్తానని బాబాయి అంటున్నారు. ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు. ఏ మందు మంచిది? సొంత వాడకానికైతే తప్పేముంది? మూడేళ్లు దాటితే కేసే ఉండదంటున్నారు, నిజమేనా? ఆ రైఫిల్ చూస్తే నాన్నే గుర్తొస్తారు, వదులుకోలేను.

జవాబు: మీరు మందు గురించి అడిగారు. కానీ ఈ వ్యవహారమంతా లైసెన్సు మీద తేలుతుంది. లైసెన్సు నాన్నగారిది, ఆయన లేరు. కాబట్టి ఈరోజు ఆ రైఫిల్‌ను ఇంట్లో ఉంచుకునే అనుమతి మీ కుటుంబంలో ఎవరికీ లేదు. పొలంలాగే రైఫిల్ కూడా ఆస్తే, దాని మీద వారసులకు హక్కు వస్తుంది. లైసెన్సు మాత్రం వారసత్వంగా రాదు. అది ఫలానా మనిషి గురించి విచారించి, ఆ మనిషికే ఇచ్చిన అనుమతి. డీలర్ మీకు తూటాలు ఇవ్వకపోవడం సరైన పనే.

1959 ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, ఏ కారణంతోనైనా ఆయుధం మీ దగ్గర ఉండటం చట్టవిరుద్ధమైతే, దాన్ని అనవసర జాప్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. సెక్షన్ ఇన్ని రోజులని లెక్క చెప్పలేదు కాబట్టి ప్రతి నెల ఆలస్యానికీ మీరే సంజాయిషీ ఇవ్వాలి. దశదిన కర్మలు అయ్యేదాకా ఆగారంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. 14 నెలలకు ఏం చెబుతారు? అంతటితో ఆగకుండా లైసెన్సు లేని ఆయుధాన్ని జిల్లా దాటించి కారులో తెచ్చారు. చదువుకున్నవారు, ఇంత అజాగ్రత్త ఏమిటి? ఈ సంక్రాంతి ప్రయాణం సంగతి ముందు మీ వకీలుకు చెప్పండి, తర్వాతే మిగతావారికి.

ఇక మూడేళ్ల మాట. లైసెన్సు లేకుండా తుపాకి, తూటాలు ఉంచుకుంటే ఆయుధ చట్టం 25(1-బి) సెక్షన్ కింద శిక్ష. 2019 సవరణకు ముందు గరిష్ఠంగా మూడేళ్లే కాబట్టి ఆ మాటకు కొంత ఆధారం ఉండేది. సవరణతో శిక్ష కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు అయింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514వ సెక్షన్‌లోని కాలపరిమితి మూడేళ్లకు మించని శిక్షలున్న నేరాలకే వర్తిస్తుంది. పైగా రైఫిల్ మీ బీరువాలో ఉన్నన్నాళ్లూ నేరం రోజూ కొనసాగుతూనే ఉంటుంది. కాలం గడిచే కొద్దీ మీకు నష్టమే తప్ప లాభం లేదు.

మీ ఉత్తరంలో మిమ్మల్ని కాపాడే వాక్యం ఒకటే ఉంది: ‘ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు’. మొదలుపెట్టవద్దు. ఒక్క తూటా నింపినా విషయం ఉంచుకోవడం దాటి తయారీ దాకా వెళ్తుంది. అది ఆయుధ చట్టం 5వ సెక్షన్. దానికి 25(1)(ఎ) కింద కనీస శిక్షే ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. ఇంకో తేడా చాలామందికి తెలియదు. 3వ సెక్షన్ కింద, అంటే ఉంచుకున్న నేరానికి, ప్రాసిక్యూషన్ మొదలుపెట్టాలంటే 39వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి. మీ పరిస్థితి వివరించుకోవడానికి అక్కడ కొంత అవకాశం దొరుకుతుంది. తయారీ కేసుకు 39వ సెక్షన్ రక్షణ లేదు. సొంత వాడకానికే అన్న వాదన అక్కడ నిలబడదు. చట్టంలో ‘మందుగుండు’ నిర్వచనంలో తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఖాళీ తూటాలనూ, ఆ ప్రెస్సునూ పాత ఇనుప సామాను అనుకోకండి.

బాబాయి గారికి ఈ పేరా చదివి వినిపించండి. క్వారీ మందు, బాణసంచా మందు, షాట్‌గన్ మందు, రైఫిల్ మందు వేరువేరు. ఎంత వేగంగా మండుతుందన్న దాన్ని బట్టే ఛాంబర్‌లో (తూటా కూర్చునే అరలో) ఒత్తిడి ఉంటుంది. రైఫిల్‌కు కావలసిన దానికంటే వేగంగా మండే మందు పడితే బ్రీచ్ (గొట్టం వెనుక భాగం) పగిలి, ఆ ముక్కలు కాల్చినవాడి కళ్లలోకే వస్తాయి. పలుకులు చూసి, రంగు చూసి ఏ మందో ఎవరూ చెప్పలేరు. క్వారీ సరుకు చేతిలో దొరికితే ఆయుధ చట్టంతో పాటు పేలుడు పదార్థాల చట్టాలు కూడా మీ మీద పడతాయి. లేబుల్ లేని ఆ డబ్బా సంగతి ఇంకా ప్రమాదం. పొగలేని మందు పాతబడి చెడిపోతే ఘాటైన ఆమ్లపు వాసన, ఎర్రటి ఆవిరి వస్తాయి, ఒక్కోసారి తనంతట తానే అంటుకుంటుంది. మూత తీయకండి, కాలవలో పారబోయకండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

ఈ వారంలోనే చేయాల్సిన పని చెబుతాను. స్థానిక వకీలును వెంటబెట్టుకుని గుంటూరులో మీ ఇంటి పరిధి స్టేషన్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. నాన్నగారు పోయిన తేదీ, లైసెన్సు నంబరు, రైఫిల్ నంబరు, తూటాల లెక్క, ప్రెస్సు, డబ్బా అన్నీ రాయండి. ఒక్కటి దాచినా మీ నిజాయితీ మీద అనుమానం వస్తుంది. రైఫిల్ భుజాన వేసుకుని ఆటోలో వెళ్లకండి. ఇంటికి వచ్చి పంచనామా చేసి తీసుకెళ్లమని అర్జీలోనే అడగండి. అర్జీ కాపీ మీద తేదీతో ముద్ర, తర్వాత డిపాజిట్ రసీదు తప్పక తీసుకోండి. రేపు మీ సదుద్దేశానికి సాక్ష్యం ఆ రెండు కాగితాలే. పాత తేదీతో డీలర్ రసీదు ఇప్పిస్తామనే వాళ్లు తగులుతారు. దగ్గరికి రానివ్వకండి, ఫోర్జరీ తోడైతే ఈ కేసును ఏ వకీలూ బాగుచేయలేడు.

డిపాజిట్ చేస్తే రైఫిల్ పోయినట్టు కాదు. నిర్ణీత గడువులో లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి ఇస్తారు, లేదా అమ్ముకోనిస్తారు. గడువు దాటితే మాత్రం ప్రభుత్వానికి జప్తు. 2016 ఆయుధ నియమావళి 25వ నియమం లైసెన్సుదారు మరణిస్తే వారసుడికి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల నిరభ్యంతర అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా విడిపోయింది కాబట్టి పాత ఫైలు గుంటూరు కలెక్టరేట్‌లో ఉందో, నరసరావుపేటలో ఉందో ముందు కనుక్కోండి. దరఖాస్తు తిరస్కరిస్తే ఆయుధ చట్టం 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది.

లైసెన్సు వచ్చినా పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పంటకు ప్రమాదమైతే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. పొలం చుట్టూ కరెంటు తీగ కట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, రాత్రి నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతు దానికి బలవుతాడు. మాచర్ల వైపు మీ పొలం ఏ అటవీ రేంజి పరిధిలోకి వస్తుందో చూసుకుని అటవీ అధికారికి పంట నష్టం అర్జీ పెట్టండి. పాడైన చేను ఫొటోలు తేదీతో సహా జతచేయండి, వ్యవసాయ సహాయకుడి చేత నష్టం విస్తీర్ణం రాయించండి.