వరుసలు రాసుకో తమ్మీ

తమ్మీ,

పరకాల దగ్గరి కుటుంబం గురించి నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. మూడు తరాల్లో పాతికేళ్లు నిండకుండానే షుగర్ రావడం, వాళ్లలో ఒక్కరూ లావుగా లేకపోవడం... మంచి విషయం పట్టుకున్నావు. కానీ జన్యువుల పేర్లతో మొదలుపెట్టి చదివేవాణ్ణి గుమ్మంలోనే ఆపేశావు.

ఆ ముసలమ్మతో మొదలుపెట్టు. ‘మా నాయినకుండె, నాకొచ్చె, నా చిన్నబిడ్డకొచ్చె. పెద్దోనికి రాలె’ అని వేళ్లు మడుస్తూ చెప్పిందని చివర్లో ఎక్కడో రాశావు. అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. తల్లిలోనో తండ్రిలోనో మార్పు చెందిన జన్యువు ఒక్కటుంటే చాలు, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. అందుకే తరం తర్వాత తరం కనిపిస్తుంది, అయినా అందరికీ రాదు. ఈ రకం షుగర్‌ను 1970ల్లో ట్యాటర్సాల్, ఫాజన్స్ అనే డాక్టర్లు ఎమ్‌ఓడీవై (చిన్న వయసులోనే వచ్చే, వంశంలో దిగే షుగర్) పేరుతో విడదీసి చూపారు. గ్లూకోకైనేస్ జన్యువు పాత్ర 1992లో, హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ అనే మరో జన్యువు పాత్ర 1996లో బయటపడ్డాయి. చరిత్ర ఇంతవరకు చాలు.

‘మేనరికం వల్లే’ అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. ఎమ్‌ఓడీవైకి మేనరికంతో పని లేదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తేనే కలిగే జబ్బులు వేరు. చిన్నప్పుడే షుగర్ వచ్చి, తర్వాత చూపు కూడా తగ్గే వోల్ఫ్రామ్ సిండ్రోమ్ అలాంటిది. మేనరికం ముప్పు పెంచేది వాటికి. రెండూ కలిపి రాస్తే, ఏ తప్పూ లేని ఆ ఇంటి పెద్దల మీద నింద పడుతుంది.

ఏ జన్యువో తేలితే ఏం మారుతుందో ఇంకా వివరంగా రాయి. గ్లూకోకైనేస్ రకంలో పరగడుపు షుగర్ 100-145 మధ్య ఏళ్ల తరబడి దాదాపు అట్లాగే ఉంటుంది. గర్భిణుల సంగతి వేరు గానీ, మిగతావాళ్లకు సాధారణంగా మందే అక్కర్లేదు. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ రకంలో గ్లిక్లజైడ్ లాంటి చవక గోలి తక్కువ మోతాదులోనే బాగా పనిచేస్తుంది. టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని షుగర్) అనుకుని రోజూ ఇన్సులిన్ సూది పొడుచుకునే పిల్లకు ఇదెంత పెద్ద మాటో ఆలోచించు. అయితే ఇది చదివి ఎవరూ సూది మానెయ్యకూడదు. నిజంగా టైప్ 1 ఉన్నవాళ్లు మానేస్తే ప్రాణం పోతుంది. ఈ హెచ్చరికను వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో పెట్టకు, గోలి సంగతి చెప్పిన చోటే పెట్టు.

ఇక మన దగ్గరి చిక్కు. ఎవరికి జన్యు పరీక్ష చేయాలో తేల్చే లెక్కలు ఎక్కువగా ఐరోపా వాళ్లను చూసి కట్టినవి. మన దగ్గర టైప్ 2 కూడా ముప్పై దాటకముందే, అంత లావు లేనివాళ్లకూ వస్తుంది కాబట్టి వయసూ ఒళ్లూ చూసి చెప్పలేం. పరీక్ష చేయించినా రిపోర్టులో ‘ప్రాముఖ్యత తేలని మార్పు’ అని, అంటే జబ్బుకు కారణమో కాదో తెలియదని రావచ్చు. పోల్చి చూసే జన్యు సమాచారంలో మనవాళ్లు తక్కువ. మన కులాల్లో మామూలుగా ఉండే మార్పు కూడా అక్కడ వింతగా కనిపిస్తుంది. చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం దక్షిణాది రోగులను పరీక్షించి, 2018లో ఎన్‌కేఎక్స్6-1 అనే జన్యువుకూ ఎమ్‌ఓడీవైతో సంబంధం ఉండొచ్చని చూపింది. దేశంలోని పదివేల మంది జన్యు సమాచారం జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు ద్వారా 2025లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇది మొదలే.

రిపోర్టులో తేలని మార్పు సంగతి తేల్చడానికి కుటుంబమే ఆధారం. షుగర్ ఉన్నవాళ్లందరిలో ఉందా, లేనివాళ్లలో లేదా అని చూస్తారు. అందుకే మళ్లీ వెళ్లి వరుసలు రాసుకో. మేనరికం ఇళ్లలో మేనత్తే అత్త కూడా అవుతుంది. గీత గీసుకుంటే తప్ప ఎవరి రక్తం ఎటు నుంచి వచ్చిందో తెలియదు. ఏ వయసులో బయటపడింది, అప్పుడు బరువెంత, ఏం మందు ఇచ్చారు అని అడుగు. చనిపోయినవాళ్ల సంగతీ అడుగు. పాత రిపోర్టులు బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి, ఓపిగ్గా తీయించు.

చిన్నబిడ్డకు సంబంధాలు చూస్తున్నారని రాశావు. పేరు, ఊరు మార్చినంత మాత్రాన దాగదు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. రాసింది ముందు ఆ అమ్మాయికి చదివి వినిపించు. వద్దన్న వాక్యాలు తీసేశాకే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న, హన్మకొండ