డాన్సర్ ఇన్ ద డార్క్: పాట ఏ చప్పుడులోంచి వస్తోందో వినండి

మీరు అడిగింది ఇది: "డాన్సర్ ఇన్ ద డార్క్ చూశాను. కెమెరా ఊపుకి తల తిరిగింది, పాటలు కథలో అతకలేదు, చివర కావాలని ఏడిపించినట్టుంది. దీన్ని ఎలా చూడాలి?" జవాబులో ముగింపు కూడా చెప్పేస్తున్నాను, సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

రెండోసారి చూసేటప్పుడు కథ మీద కాకుండా చప్పుళ్ల మీద దృష్టి పెట్టండి. మన సినిమాల్లో పాట వస్తే వాద్యాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడగం. ఇక్కడ సెల్మాకి (గాయని బ్యోర్క్ వేసిన ఫ్యాక్టరీ కార్మికురాలి పాత్ర) ఏదో ఒక చప్పుడు దొరికితేనే పాట వస్తుంది. ఫ్యాక్టరీలో రేకుల్ని వంచే యంత్రాల దరువు మీద మొదటి పాట, రైలు చక్రాల మీద రెండోది, రికార్డు అయిపోయాక తిరుగుతూనే ఉన్న గ్రామఫోన్ ముల్లు టిక్కు మీద మూడోది, ఆ తర్వాత కోర్టులో బొమ్మ గీస్తున్నవాడి పెన్సిల్ గీతల మీద మరొకటి. వరసగా వింటే చప్పుడు చిన్నదైపోతూ రావడం తెలుస్తుంది. జైలు గదిలోకి వచ్చేసరికి అదీ లేదు. గోడలోని గాలి రంధ్రానికి చెవి ఆనించి, ఎక్కడో పాడుతున్న ప్రార్థనని పట్టుకుని పాడుకుంటుంది. ఉరికంబం దాకా నడవడానికి కావలసిన లయని జైలు ఉద్యోగిని తన అడుగులతో వేసి ఇస్తుంది. ఆఖరి పాటకి వాద్యం లేదు, అడుగుల చప్పుడూ లేదు, ఒట్టి గొంతే. నా దృష్టిలో ఈ సినిమా విషాదం కథలో కన్నా ఈ తగ్గుదలలోనే ఎక్కువ ఉంది. పాటలు అతకలేదని మీకు అనిపించడానికి కారణం పాట మొదలయ్యాక వినడం. పాటకి ముందున్న అర నిమిషం వినండి.

అందుకే ఫోన్ స్పీకర్ మీద చూడొద్దు. ముల్లు టిక్కు, పెన్సిల్ గీతలు దాంట్లో పోతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదట్లో మూడు నిమిషాలకు పైగా కథ ఏమీ లేకుండా ఆర్కెస్ట్రా ఒక్కటే వస్తుంది, దాన్ని దాటేయకండి. ఆ బాణీతో చివర్లో పని ఉంది.

కెమెరా సంగతి. మామూలు సన్నివేశాలు చేత్తో పట్టుకున్న డిజిటల్ వీడియోలో, వెలిసిపోయిన రంగుల్లో ఉంటాయి. ఆ మసక మీ ప్రింటు లోపం కాదు. పాటల్లో కెమెరాలు కదలవు, రంగులు చిక్కబడతాయి. దర్శకుడు లార్స్ వాన్ ట్రయర్ ఆ పాటల కోసం వంద కెమెరాలు అమర్చాడు. అంటే ఆమె కలల్లో మాత్రమే లోకం నిలకడగా ఉంటుంది. తల తిరిగేవాళ్లు తెరకి దూరంగా, గదిలో దీపం వెలిగించి కూర్చోండి. సినిమా రెండుంపావు గంటలకు పైనే. విరామం కావాలంటే, సెల్మా దాచుకున్న డబ్బు దొంగిలించిన ఇంటి యజమాని బిల్ ఆమె చేతిలో చనిపోకముందే తీసుకోండి. ఆ తర్వాత ఆపితే బిగువు తెగిపోతుంది.

చూపు పోతున్న సెల్మా పక్కన సినిమా హాల్లో ఆమె స్నేహితురాలు కాథీ (కాథరిన్ దెనెవ్) కూర్చున్న సన్నివేశం ఒకటి ఉంది. తెర మీద డాన్సు జరుగుతుంటే కాథీ రెండు వేళ్లతో సెల్మా అరచేతిలో ఆ అడుగులు వేసి చూపిస్తుంది. మాట ఉండదు. అక్కడ రెండు చేతుల్నీ చూడండి, బ్యోర్క్ ముఖాన్ని తర్వాత చూసుకోవచ్చు.

ఏడిపించడానికే తీశారన్న మాట పూర్తిగా కొట్టిపారేయను. కోర్టు సన్నివేశాలు పలచగా ఉన్నాయి. 1964 నాటి అమెరికా కథని చాలావరకు స్వీడన్‌లో తీశారు, అది నిజమైన అమెరికా కోర్టులా ఉండాలని చూస్తే నిరాశే. కానీ సెల్మా తనని తాను కాపాడుకోకపోవడం మాత్రం లెక్క ప్రకారమే ఉంది. కొడుకు కళ్ల ఆపరేషన్‌కి దాచిన 2,056 డాలర్ల 10 సెంట్లు తన కేసు మళ్లీ నడిపే లాయరుకి ఇస్తే తను బతకొచ్చు. ఇవ్వదు. అక్కడ దర్శకుడు మనల్ని ఏడవమని బతిమాలట్లేదు, రెండు ఖర్చుల్ని పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు.

సినిమాకన్నా ముందు దాని పాటల ఆల్బమ్ 'సెల్మాసాంగ్స్' వినడం చాలామంది చేసే పొరపాటు. అందులో ఉన్నవి ఏడే. రైలు పాటలో బ్యోర్క్‌తో పాటు ఆల్బమ్‌లో రేడియోహెడ్ బృందం గాయకుడు థామ్ యార్క్ గొంతు ఉంటుంది, సినిమాలో నటుడు పీటర్ స్టోర్‌మేర్‌ది. ఉరికంబం దగ్గరి పాట ఆల్బమ్‌లో లేనే లేదు.

ఆ పాట విషయంలో సెల్మా ముందే చెప్పిన మాట ఒకటి గుర్తుంచుకోండి: చివరి పాట వస్తోందని తెలియగానే, దానికి ముందు పాట కాగానే హాల్లోంచి లేచి వెళ్లిపోయేదాన్ననీ, అలాగైతే సినిమా అయిపోదనీ అంటుంది. అందుకే ఉరికంబం దగ్గర పాడుతున్నది చివరిది కాదు, దానికి ముందుదని ఆమె నమ్మకం. అది మధ్యలోనే తెగిపోతుంది. క్రెడిట్స్ మొదలవగానే ఆపేయకండి. అక్కడ వచ్చే బాణీ మొదటి మూడు నిమిషాల్లో మీరు విన్నదే, ఈసారి దానికి మాటలు ఉన్నాయి.