చెల్లెలి సంతకం

అక్కగారూ, వందనాలు. నాకు నలభై మూడేళ్లు. ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నాను. తరతరాలుగా విశ్వాసులం. మా తాతగారి తాత 1878లో గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందినవారిలో ఒకరు. నేను కూడా సంపాదనలో పదో వంతు, దశమభాగం, దేవునికి ఇవ్వడం ఏనాడూ తప్పలేదు. నాన్నగారు పోయాక, ఆరేళ్ల క్రితం, ఆయన తొంభై సెంట్ల పొలం అమ్మి ఆ డబ్బుతో ఊరి చివర స్థలం కొన్నాను. ఇప్పుడు అక్కడ ఇల్లు కట్టాలని ఉంది. రెండేళ్లుగా ప్రార్థిస్తున్నాను, ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉన్నాను. కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో బుట్టలోంచి తీస్తే నాకు వచ్చిన వాగ్దాన కార్డు మీది బైబిలు వచనం కూడా ఇంటి గురించే. అయినా బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టబోతే మనసులో సమాధానం, నెమ్మది ఉండడం లేదు. బైబిల్లో గిద్యోను అడిగినట్టు దేవుణ్ణి గుర్తు అడగాలా? నా విశ్వాసం చాలడం లేదా? పొలం అమ్మినప్పుడు చెల్లెలు ఎంతో ప్రేమగా సంతకం పెట్టింది. వీలు చూసుకుని తనకూ ఏదైనా చేద్దామనుకున్నాను. ఇల్లు పూర్తయ్యాక చూద్దామని నా భార్య అంటోంది. అమ్మ చీరాలలో చెల్లెలి దగ్గరే ఉంటుంది, అక్కడే అలవాటు. పోయిన ఏడాది మేనకోడలి నర్సింగు ఫీజు కోసం చెల్లెలు ఫోను చేస్తే ప్రార్థన చేస్తానని చెప్పాను. ఈ మధ్య తను ఫోను చేయడం లేదు. దేవుని చిత్తం తెలుసుకునే మార్గం చెప్పండి.

తమ్ముడూ, ఇంటి సంగతి ముందు చెప్పేస్తాను. ఇల్లు కట్టుకోవడం పాపమేమీ కాదు. అప్పు తీర్చగలరా, నెలనెలా కట్టాక ఇల్లు గడుస్తుందా అని భార్యాభర్తలు కూర్చుని లెక్క వేసుకోండి. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు చూసుకుంటాడని ప్రభువే అన్నాడు. దీనికి గుర్తులూ కార్డులూ అవసరం లేదు. మీ ఉత్తరంలో ఇంతకంటే పెద్ద సంగతి ఉంది. దాన్ని మీరు చివరి కొన్ని వాక్యాల్లోకి నెట్టేశారు.

మీ చెల్లెలు ఫోను చేయడం లేదు. ఉత్తరం మొత్తంలో నన్ను పట్టుకున్న మాట ఇదే.

నాన్నగారు వీలునామా రాశారని మీరు చెప్పలేదు. రాయకుండా పోయి ఉంటే, మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం ఆస్తిలో మూడో వంతు భార్యది. మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. మీ ఇంట్లో అమ్మ, మీరు, చెల్లెలు. అంటే తొంభై సెంట్లలో ముప్పై అమ్మవి, ముప్పై చెల్లెలివి, ముప్పై మీవి. మీరు కొన్న స్థలంలో రెండు వంతులు మీవి కావు. ఈ లెక్క మీకు తెలియక కాదు. తెలిసే రెండేళ్లుగా దేవుణ్ణి వేరే ప్రశ్న అడుగుతున్నారు.

"ప్రేమగా సంతకం పెట్టింది" అన్నారు. మన ఇళ్లలో ఆడపిల్ల అలాంటి కాగితం మీద సంతకం ఎలా పెడుతుందో నేను చాలాసార్లు చూశాను. పెట్టను అంటే పుట్టింటి గడప దూరమవుతుంది. రేపు పిల్ల పెళ్లికి మేనమామ రాడేమో అని భయం. అత్తవారింట్లో "మీ అన్న ఏమిచ్చాడు" అని అడిగితే తలదించుకోవడానికైనా సిద్ధపడుతుంది గాని అన్నను అడగదు. పైగా అన్న సంఘంలో పేరున్నవాడు. ప్రేమ లేదని కాదు, ఉంది. ఆ ప్రేమ మీదే మీరు స్థలం కొన్నారు. యోబు తన కూతుళ్లకు వారి అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, ఇచ్చాడని బైబిల్లో యోబు గ్రంథం చివరి అధ్యాయంలో ఉంది. వాళ్లు అడిగారని ఎక్కడా లేదు. అడగకముందే ఇచ్చాడు.

ఇక ఫీజు సంగతి. ఆరేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే అనుకుంటాను. తన వాటా అడగలేదు, పిల్ల చదువుకు సాయం అడిగింది. మేనమామ ప్రార్థన చేస్తానన్నాడు. తమ్ముడూ, ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఇవ్వగలిగిన చోట ఇవ్వకుండా ప్రార్థన చేస్తానంటే, వినేవాళ్లకు ప్రార్థన అన్న మాట మీదే నమ్మకం పోతుంది. ఆ రోజు మీ మేనకోడలు పక్కనే ఉండి విన్నదేమో!

గిద్యోను పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. గుర్తు కోసం అతను కళ్లంలో గొర్రె బొచ్చు పరచడానికి ముందే, యుద్ధానికి వెళ్లమని దేవుడు అతనికి చెప్పేశాడు. ఏం చేయాలో తెలియక అతను గుర్తు అడగలేదు, తెలిసిన పనికి ధైర్యం చాలక అడిగాడు. మీ పరిస్థితీ అదే. యేసును చూడడానికి చెట్టెక్కిన పన్నుల వసూలుదారు జక్కయ్య కథ మీరు ఆదివారపు బడిలో నేర్చుకునే ఉంటారు. పిల్లలకు మేడి చెట్టు బాగా గుర్తుంటుంది. అసలు విషయం చెట్టు దిగాక ఉంది. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని అందరి ముందూ అన్నాడు. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పింది ఆ మాట తర్వాతే. ఎంత తిరిగివ్వాలో తెలపమని జక్కయ్య ఉపవాసం ఉండలేదు.

మా నాన్నగారు బడిపంతులు. సాయంత్రం కుటుంబ ప్రార్థన తప్పేది కాదు. ఒకరోజు వాక్యం చదువుతూ మధ్యలో ఆగిపోయారు. ఆ పొద్దున కాలువ నీటి దగ్గర పెదనాన్నను అనరాని మాట అన్నారట. కళ్లజోడు తీసి, చదువుతున్న చోటే బైబిల్లో పెట్టి మూసి, కండువా వేసుకుని బయటికి వెళ్లారు. మేము చాప మీద అలాగే కూర్చున్నాం. పప్పుచారు చల్లారిపోయింది. ఎప్పటికో తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ఆగిన వచనం దగ్గర నుంచే చదివారు. మాకేమీ చెప్పలేదు. విధేయత అన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ మూసిన బైబిల్లోంచి బయటికి కనిపించే కళ్లజోడు కాడ గుర్తొస్తుంది.

మీ పూర్వీకుల గురించి గర్వంగా రాశారు. గర్వపడవలసిందే. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దానికి ముందు ఘోరమైన కరువు. మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరానికి దేవుని మాట వినడమంటే ఆదివారం పని మానడం, చచ్చిన పశువు మాంసం ముట్టకపోవడం, ఊరి కొలుపుల్లో డప్పు కొట్టకపోవడం. అందుకు ఊళ్లో పనులు పోయాయి, దెబ్బలు తిన్నారు. నమ్మకం వాళ్ల కడుపు మీదికి వచ్చింది. మీ దగ్గరికి వచ్చేసరికి అది ఒక స్థలం మీదికి వచ్చింది, అంతే.

మనసులో సమాధానం లేదని బాధపడుతున్నారు. నేను దానికి సంతోషిస్తున్నాను. రెండేళ్లుగా మీకు అందుతున్న జవాబు అదే. విశ్వాసం తక్కువై కాదు, మీ మనస్సాక్షి ఇంకా మెలకువగా ఉండబట్టే ఆ సంతకం పడడం లేదు. వాగ్దాన కార్డు తీసి దాచేయండి. బుట్టలోంచి చేతికి వచ్చిన కార్డు పేరు చెప్పి చెల్లెలి వాటా మీద గోడ లేపకండి.

చీరాల వెళ్లండి. ఫోను చేసి కాదు, మనిషిగా వెళ్లండి. భార్యను తీసుకువెళ్లండి, ఇల్లు పూర్తయ్యాక చూద్దామన్న మాట ఆమెది మాత్రమే కాదు, మీరూ ఆ మాట చాటున ఉన్నారు. పాస్టరు గారిని మధ్యవర్తిగా పెట్టకండి, ఆయన ముందు మీ చెల్లెలు మనసులో మాట చెప్పలేకపోతుంది. అమ్మ తప్పకుండా "ఇప్పుడవన్నీ ఎందుకు నాయనా" అంటుంది. కొడుకు చిన్నబోకూడదని తల్లి అనే మాట అది, దాన్ని దేవుని స్వరంగా తీసుకుని బస్సెక్కి వచ్చేయకండి. స్థలానికి ఇవాళ ఎంత ధర ఉందో కనుక్కుని, దాన్ని మూడు భాగాలు చేసి కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. ఆరేళ్ల నాటి పొలం ధర కట్టి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. అమ్మ భాగం అమ్మ పేరనే వేయండి. ఇన్నేళ్లూ ఆమె మందులకూ అన్నానికీ చెల్లెలి ఇల్లే భరించిందని నోటితో ఒప్పుకోండి. క్షమించమని అడిగాక చెల్లెలు ఏడవవచ్చు, కోపపడవచ్చు, మాట్లాడకనే పోవచ్చు. వినండి.

అంత డబ్బు ఒక్కసారిగా చేతిలో ఉండదు, తెలుసు. స్థలం అమ్ముతారో, వాయిదాల్లో ఇస్తారో ముగ్గురూ కూర్చుని తేల్చుకుని రాసుకోండి. ఈలోగా మేనకోడలి తర్వాతి ఫీజు ఏ తేదీలోపు కట్టాలో కనుక్కుని బయలుదేరండి.